ఎర్రమంచిలో ఉండడానికి అమెరికా పౌరసత్వం

(2025 డిసెంబరు 17న పెనుకొండలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు నన్ను పరిచయం చేస్తూ "మన సంఘం పాత సభ్యులు, ఎర్రమంచి వాస్తవ్యులు" అన్నారు. రెండూ నిజమే. మూడో సంగతి వారు మర్యాద కొద్దీ చెప్పలేదు. అది నేనే చెప్పుకొంటాను. 2023 సెప్టెంబరు నుండి నేను భారత పౌరుణ్ణి కాను. మన రాజ్యాంగంలోని 9వ అధికరణం, 1955 నాటి పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షను ప్రకారం, స్వచ్ఛందంగా వేరే దేశపు పౌరసత్వం పుచ్చుకొన్నవాడికి ఈ దేశపు పౌరసత్వం దానంతటదే పోతుంది. ఎవరూ ఆర్డరు వేయనక్కరలేదు. కనుక ఈ సభలో మీ ముందు నిలబడి మాట్లాడుతున్నవాడు చట్టరీత్యా విదేశీయుడు.

నవ్వకండి. నాకు కూడా మొదట్లో నవ్వే వచ్చింది. తర్వాత రాలేదు.

ఈ రోజు మనకు పండుగ. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. 1979 మార్చి 31 అనే ఒక తేదీని పట్టుకొని, దానికి ముందు రిటైరైనవాళ్ళు వేరు, తర్వాత రిటైరైనవాళ్ళు వేరు అని పెన్షనర్లను విడదీయడం చెల్లదన్నది. పెన్షన్ దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అన్నది. ఒక్క తేదీ మనిషి బ్రతుకును ఎట్లా రెండు ముక్కలు చేస్తుందో మనకు వేరెవ్వరూ చెప్పనక్కరలేదు. నా కథ కూడా తేదీల కథే. మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. కొందరికి గ్రీన్‌కార్డు వచ్చింది, కొందరికి రాబోతున్నది. నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదనే ఇదంతా చెప్పడం.

నేను 1971లో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి, 2007లో 58 ఏళ్ళు నిండి రిటైరయ్యాను. మా అబ్బాయి 1999లో కంప్యూటరు ఉద్యోగం మీద అమెరికా వెళ్ళాడు. 2012లో అక్కడి పౌరుడయ్యాడు. అక్కడి పౌరుడికి 21 ఏళ్ళు నిండి ఉంటే తల్లిదండ్రుల కోసం అర్జీ పెట్టవచ్చు. తల్లిదండ్రులకు సంవత్సరానికి ఇంతమందే అనే కోటా లేదు, వరుసలో ఏళ్ళ తరబడి కాచుకొనే పని లేదు. ముంబాయిలోని అమెరికా కాన్సులేటులో ఇంటర్వ్యూ అయింది. 2013 జూన్‌లో నేనూ, మా ఇంటావిడా డల్లాసులో దిగాము. అప్పటికి నాకు 64.

గ్రీన్‌కార్డు అంటే శాశ్వత నివాసపు హక్కు. ఆ 'శాశ్వత' అన్న మాటే మనల్ని మోసం చేస్తుంది. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే అది పట్టా కాదు, షరతులతో కూడిన అనుభవ హక్కు. సాగు చేస్తున్నంతకాలమే నీది. బీడు పెడితే పోతుంది. ఆ దేశంలో నివాసం ఉంటేనే ఆ కార్డు.

2016 అక్టోబరులో మా అమ్మ మంచాన పడింది. అప్పటికి ఆమెకు తొంభై దాటాయి. నేను ఒక్కడే కొడుకును. అమెరికాకు తీసుకొని పోదామా అంటే ఆమె ఒక్కటే మాట: "నేను యాడికీ రాను నాయనా. ఈ గడప నన్ను దాటించేది ఒగసారే." అట్లని ఆమెను ఎవరికి వదిలేది? మా కోడలికి అప్పుడే రెండో కాన్పు. మా ఇంటావిడ బిడ్డను చూసుకోవడానికి అక్కడే ఉండిపోయింది. నేను ఒక్కణ్ణే వచ్చాను. వచ్చేముందు మా అబ్బాయి పట్టుబట్టి ఐ-131 అనే ఫారం నింపించాడు. దానిని రీ-ఎంట్రీ పర్మిట్ అంటారు. ఏడాదికి మించి బయట ఉండవలసి వస్తే తిరిగి రానిచ్చే కాగితం. రెండేళ్ళు చెల్లుతుంది. అర్జీ పెట్టేనాటికి మనం అమెరికాలోనే ఉండాలి. ఎర్రమంచి నుండి పెట్టుకోవడానికి వీల్లేదు.

2018 ఏప్రిల్‌లో అమ్మ పోయింది. కర్మకాండలు ముగించి, జూన్ 12న మళ్ళీ డల్లాసులో దిగాను. మొత్తం 20 నెలలు. విమానాశ్రయంలో పర్మిట్ చూపించాను. "వెల్కమ్ హోమ్" అన్నాడు ఆఫీసరు. ఆ మాట విని నా లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయనుకొన్నాను.

ఇక్కడే నా పొరపాటు. గ్రీన్‌కార్డు వచ్చి 5 ఏళ్ళయితే పౌరసత్వానికి ఎన్-400 అనే ఫారం పెట్టుకోవచ్చు. 2013 జూన్ నుండి 2018 జూన్‌కు 5 ఏళ్ళు నిండాయి. అక్కడ మనవాళ్ళలో ఒకాయన, అన్నీ తెలిసినట్లు మాట్లాడే మనిషి, "పర్మిట్ ఉంది కదా సార్, ఆ 20 నెలలూ కూడా లెక్కలోకి వస్తాయి" అన్నాడు. ముప్ఫయ్యారేళ్ళు రూల్సు చదివి నోట్ రాసినవాణ్ణి, నా సొంత ఫైలుకు మాత్రం రూలు చదవలేదు. సెప్టెంబరులో అర్జీ పెట్టాను. అప్పటి ఫీజు వేలిముద్రల ఖర్చుతో కలిపి 725 డాలర్లు. 2019 ఆగస్టులో ఇంటర్వ్యూకు పిలిచారు.

ఆఫీసరు నడివయసు స్త్రీ. చాలా మర్యాదగా మాట్లాడింది. నా పాస్‌పోర్టులోని ముద్రలన్నీ ఒక కాగితం మీద వరుసగా రాసుకొంది. మనం సర్వీసు రిజిస్టరులో లీవులు లెక్కకట్టినట్లే. తర్వాత తల ఎత్తి, "ఈ 20 నెలలూ నీ ఇల్లు ఎక్కడ?" అని అడిగింది.

నాకు వెంటనే జవాబు రాలేదు. డల్లాసులో నా భార్య ఉంది, కొడుకు ఉన్నాడు, నా పేరుతో బ్యాంకు ఖాతా ఉంది, పన్ను పత్రాలు ఉన్నాయి. కాని నేను ఉన్నది అమ్మ మంచం పక్కన. "మా అమ్మ దగ్గర" అన్నాను. ఆమె కాసేపు ఊరకుండి, "అర్థమైంది. కాని చట్టం రోజులను మాత్రమే లెక్కపెడుతుంది" అన్నది. కొన్ని వారాలకు తిరస్కరణ పత్రం వచ్చింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పోయిన 725 డాలర్ల కోసం కాదు. నాకు ఒక పాత ఫైలు గుర్తుకు వచ్చింది.

1980లలో నేను పనిచేసిన ఒక ఆఫీసులో వృద్ధాప్య పింఛన్ల సీటు నాది. ఒక ముసలాయన అర్జీ పెట్టుకొన్నాడు. కరువు ఏడాది. మన అనంతపురం జిల్లా కరువు సంగతి మీకు చెప్పేదేముంది? ఊళ్ళకు ఊళ్ళే బెంగుళూరు దారి పట్టేవి. ఆయన కూడా కొడుకుతో పోయి, ఇండ్లు కట్టేచోట గుడిసె వేసుకొని ఎనిమిది నెలలు కావలి పని చేసి, వానలు పడినాక తిరిగి వచ్చాడు. విచారణకు పోయినవారు "ఇల్లు తాళం వేసి ఉన్నది" అని రిపోర్టు ఇచ్చారు. నేను నోట్ పుటప్ చేశాను: "అర్జీదారు స్థానికంగా నివసించుట లేదు గనుక తిరస్కరించవచ్చును." పైనుండి సంతకం అయిపోయింది. ఎండార్స్‌మెంటు తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆయన నా బల్ల ముందు నిలబడి, "సామీ, నేను కూలికి యాడికన్నా పోతా. నా ఇల్లు ఈడే గదా. తాళం ఏసినానంటే మళ్ళా వస్తాననే గదా" అన్నాడు.

తాళం వేశానంటే మళ్ళీ వస్తాననే కదా! నాకు ఆ రోజు ఈ మాట చెవిన పడిందేగాని లోపలికి పోలేదు. "వచ్చే సంవత్సరం మళ్ళీ పెట్టుకో" అని పంపించాను. వచ్చే సంవత్సరం ఆయన రాలేదు. ఎందుకు రాలేదో నేను విచారించలేదు. ముప్ఫయి ఏళ్ళ తర్వాత, అర్ధగోళం అవతల, బల్లకు ఇవతలి వైపు కూర్చొన్నప్పుడు గాని ఆయన అడిగిందేమిటో నాకు తెలియలేదు.

సరే, అసలు విషయానికి వస్తాను. ఆ తిరస్కరణ తర్వాత నేను రూల్సు తెప్పించుకొని, పాత అలవాటు ప్రకారం ఎర్ర సిరాతో గీతలు గీసుకొంటూ చదివాను. నాకు అర్థమైనది మీకు వరుసగా చెబుతాను.

పౌరసత్వానికి రెండు వేర్వేరు లెక్కలున్నాయి. ఒకటి, అర్జీకి ముందు 5 ఏళ్ళలో కనీసం 30 నెలలు అమెరికా నేల మీద ఉండాలి. రెండవది, ఆ 5 ఏళ్ళూ నివాసం తెగకుండా ఉండాలి. నాకు మొదటి లెక్క సరిపోయింది, రెండవది తెగిపోయింది. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకొంటారు.

ఒక్కసారిగా 6 నెలల లోపల వెళ్ళి వస్తే సాధారణంగా ఇబ్బంది లేదు. 6 నెలలు దాటి ఏడాది లోపలైతే నివాసం తెగిందనే వాళ్ళు భావిస్తారు. కాదని రుజువు చేసుకొనే భారం మనది. ఇంటి అద్దె పత్రం, పన్ను పత్రాలు, కుటుంబం అక్కడే ఉన్నట్లు ఆధారాలు చూపించుకోవాలి. ఏడాది గాని, అంతకు మించి గాని అయితే తెగినట్లే. ఏ రుజువూ పనికిరాదు. రీ-ఎంట్రీ పర్మిట్ కార్డును కాపాడుతుందేగాని పౌరసత్వపు లెక్కను కాపాడదు. ఈ ఒక్క వాక్యం నాకు 2018లో తెలిసి ఉంటే 725 డాలర్లు మిగిలేవి.

అట్లా తెగినవాడు తిరిగి వచ్చిన రోజు నుండి 4 సంవత్సరాల 1 రోజు ఆగి మళ్ళీ అర్జీ పెట్టవచ్చు. అయితే అందులో ఒక మెలిక ఉంది. 4 ఏళ్ళ 1 రోజుకు పెడితే, వెనకటి 5 ఏళ్ళలో పాత గైరుహాజరీలో చివరి 364 రోజులు ఇంకా కనబడుతూ ఉంటాయి. అవి 6 నెలలు దాటినవే కనుక రుజువు చేసుకొనే భారం మిగిలే ఉంటుంది. అదే 4 సంవత్సరాల 6 నెలలు దాటనిచ్చి పెడితే ఆ బాధ కూడా ఉండదు. నాకు 2018 జూన్ 12 నుండి లెక్కవేస్తే 2022 డిసెంబరు 13 వచ్చింది. ఆ తేదీని క్యాలెండరులో కాదు, మా పూజగది గోడ మీద రాసుకొన్నాను.

మధ్యలో మరొక గండం వచ్చింది. అమ్మ ఆస్తి కాగితాల పని మీద 2020 జనవరి 28న అక్కడ బయలుదేరి రెండు నెలలకని వచ్చాను. మార్చిలో కరోనా వచ్చి విమానాలన్నీ ఆగిపోయాయి. ఎర్రమంచిలో ఇంటి అరుగు మీద కూర్చొని రోజులు లెక్కపెట్టాను. నూరు, నూట ఇరవై, నూట యాభై. జనం ప్రాణాలకు వెరచి ఉంటే నేను తేదీకి వెరచి ఉన్నాను. ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. జూలైలో అమెరికాకు ప్రత్యేక ఏర్పాటు మీద విమానాలు నడిపారు. జూలై 25న, 179వ రోజున, అక్కడ దిగాను.

2023 జనవరిలో, సంక్రాంతి దాటినాక, మళ్ళీ ఎన్-400 పెట్టాను. జూలైలో ఇంటర్వ్యూ. ఇంగ్లీషులో చదవడం, రాయడం, మాట్లాడడం చూస్తారు. మన క్లర్కు ఇంగ్లీషు చాలు, "ఐ బెగ్ టు సబ్మిట్" అననక్కరలేదు. చరిత్ర, ప్రభుత్వం గురించి 100 ప్రశ్నల పట్టిక ముందే ఇస్తారు. అందులో 10 అడుగుతారు, 6 సరిగ్గా చెబితే చాలు. అది నాటి పద్ధతి. 2025 అక్టోబరు 20 నుండి అర్జీ పెట్టేవాళ్ళకు మార్చారు. 128 ప్రశ్నల పట్టికలోంచి 20 అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. ఫీజు కూడా 2024 ఏప్రిల్ నుండి కాగితం మీద పెడితే 760, ఆన్‌లైన్లో 710 డాలర్లు అయింది.

ఆ ఆరు ప్రశ్నల్లో ఒకటి నాకు గుర్తుండిపోయింది. "పౌరులకు మాత్రమే ఉండే బాధ్యత ఒకటి చెప్పు." జవాబు నేను బట్టీపట్టిందే. "ఎన్నికల్లో వోటు వేయడం" అన్నాను. చెబుతూండగానే నా గొంతు పట్టుకొంది. ఎందుకో మీలో పోలింగు డ్యూటీ చేసినవాళ్ళకు తెలుస్తుంది.

నేను మొదటిసారి వోటు వేసింది 1971 లోక్‌సభ ఎన్నికల్లో. అప్పుడు వోటు వయసు 21. తర్వాత సర్వీసంతా పోలింగు అధికారిగా ఊళ్ళు తిరిగాను. సామానుల బస్తా తలకింద పెట్టుకొని బడి వరండాలో పడుకోవడం, తెల్లవారి వరుసలో వచ్చే ముసలమ్మల వేళ్ళు పట్టుకొని సిరా పెట్టడం. ఆ సిరా మైసూరు పెయింట్స్ వారు 1962 నుండి తయారుచేస్తున్నారు. ఎన్ని వేల వేళ్ళకు పెట్టానో! 2024 మే 13న మన రాష్ట్రంలో పోలింగు జరిగినప్పుడు నేను ఎర్రమంచిలోనే ఉన్నాను. మా వీధివాళ్ళందరూ బడికి పోయారు. నేను అరుగు మీద కూర్చొన్నాను. పక్కింటి పిల్ల, మొదటి వోటు దానిది, పరుగెత్తుకొని వచ్చి వేలు చూపించి, "తాతా, నీ వేలు చూపించు" అన్నది. నేను చేయి వెనక్కు పెట్టుకొన్నాను.

మరి ఇంత బాధ అయితే ఎందుకు తీసుకొన్నావయ్యా అని మీరు అడుగుతారు. నాకు డెబ్భయి నాలుగేళ్ళ వయసులో అమెరికాలో చేరబోయే ఉద్యోగమేమీ లేదు. నిజం చెబుతున్నాను, నేను అమెరికా పౌరసత్వం తీసుకొన్నది అమెరికాలో ఉండడానికి కాదు, ఎర్రమంచిలో ఉండడానికి.

గ్రీన్‌కార్డు ఉన్నంతకాలం నేను ఇక్కడికి వస్తే క్యాలెండరుతో వచ్చేవాణ్ణి. ఆరు నెలలు కావస్తే మూటాముల్లె కట్టుకోవాలి. అక్కడ దిగినప్పుడల్లా ఎందుకు అన్ని రోజులున్నావని సంజాయిషీ. కార్డు వదిలేద్దామా అంటే కొడుకు, మనుమరాళ్ళు అక్కడ. రేపు నాకో, ఆమెకో ఏదైనా అయితే వీసాకు వరుసలో నిలబడాలి. పౌరుడికి ఆ గొడవ లేదు. ఎన్నాళ్ళు బయట ఉన్నా పౌరసత్వం పోదు. ఇటువైపు మన ప్రభుత్వం ఓ.సి.ఐ. కార్డు ఇస్తుంది. దానిని 2006 జనవరిలో మన హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే మొదలుపెట్టారు. ఆ కార్డుంటే జీవితాంతం వీసా లేకుండా రావచ్చు, ఎన్నాళ్ళయినా ఉండవచ్చు. అంటే, నా ఊళ్ళో నిశ్చింతగా ఉండాలంటే నేను పరదేశినైపోవాలి. ఈ విడ్డూరం ఏ చట్టం చేసినవాడూ తలపెట్టి ఉండడు.

ప్రమాణం చేసే రోజు హాలులో ఎన్నో దేశాలవాళ్ళం ఉన్నాము. పూర్వపు దేశం పట్ల విధేయత వదులుకొంటున్నామనే అర్థం వచ్చే మాటలు అందులో ఉన్నాయి. అందరితోపాటు నేనూ పలికాను. అప్పుడు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తుకు వచ్చారు. భీమవరంలో పుట్టి, 1920ల తొలినాళ్ళలో అమెరికా వెళ్ళి, ప్రపంచానికి మందులు కనిపెట్టి ఇచ్చిన మహానుభావుడు. ఆయన వెళ్ళిన కాలంలోనే, 1923లో, భగత్ సింగ్ తింద్ అనే ఆయన కేసులో అక్కడి సుప్రీం కోర్టు భారతీయులకు పౌరసత్వం పొందే అర్హతే లేదన్నది. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చినాక గాని ఆ తలుపు తెరుచుకోలేదు. అప్పుడు కూడా ఏడాదికి 100 మందికే ప్రవేశం. సుబ్బారావుగారు పౌరసత్వం లేకుండానే 1948లో కన్నుమూశారు. అంతటివాడికి దక్కనిది నావంటి గుమాస్తాకు దక్కింది. సంతోషపడాలో, సిగ్గుపడాలో తెలియలేదు.

ఇక మీకు పనికివచ్చే నాలుగు మాటలు.

పౌరసత్వం వచ్చిన తర్వాత భారత పాస్‌పోర్టును మన కాన్సులేటుకు అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. పాత పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయడం నేరం. వోటర్ల జాబితాలోంచి పేరు తీసివేయమని మనమే ఫారం 7 ఇవ్వడం మర్యాద.

ఓ.సి.ఐ. ఉన్నవాడు వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. తండ్రితాతల నుండి వచ్చినది, భారతదేశంలో నివాసం ఉన్నప్పుడు సంపాదించుకొన్నది ఉంచుకోవచ్చు. అమ్మదలిస్తే ఇక్కడ నివసించే భారత పౌరునికే అమ్మాలి. మా మూడెకరాలు తాతలనాటివి కనుక ఉన్నాయి. పక్కన అరెకరం బేరానికి వచ్చింది. చూస్తూ ఊరకున్నాను.

పెన్షన్ సంగతి అందరూ అడుగుతారు. పౌరసత్వానికి అర్జీ పెట్టకముందే మీ ఖజానా కార్యాలయానికి లిఖితపూర్వకంగా రాసి, రాతపూర్వకంగా జవాబు తీసుకొని ఫైల్లో పెట్టుకోండి. ఒకరి నోటి మాట విని నేను ఏమయ్యానో చూశారు కదా. అక్కడ ఉన్నప్పుడు లైఫ్ సర్టిఫికెట్ గడువు మరువకండి.

గ్రీన్‌కార్డు ఉన్నా, పౌరసత్వం ఉన్నా అక్కడి పన్ను పత్రంలో ఇక్కడి పెన్షను, వడ్డీ అన్నీ చూపించాలి. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా వేరే రిపోర్టు ఇవ్వాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు పన్ను తగ్గుతుందని 'నాన్ రెసిడెంట్' అని రాసుకొంటే కార్డుకే ఎసరు వస్తుంది.

విమానాశ్రయంలో ఎవరైనా ఐ-407 అనే ఫారం మీద సంతకం పెట్టమంటే తొందరపడకండి. కార్డును మనంతట మనం వదులుకొంటున్నామని రాసిచ్చే కాగితం అది. పెట్టి తీరాలనే నిర్బంధం లేదు. ఇమిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకొంటామని అడగవచ్చు. ముసలివాళ్ళం, నిద్రలేని కళ్ళతో దిగుతాము. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేస్తాము. జాగ్రత్త.

ఇంగ్లీషు రానివారికి ఒక దారి ఉంది. 50 ఏళ్ళు దాటి గ్రీన్‌కార్డుతో 20 ఏళ్ళు, లేదా 55 దాటి 15 ఏళ్ళు ఉన్నవారు తమ భాషలోనే పరీక్ష ఇవ్వవచ్చు. మా ఇంటావిడకు ఆ 15 ఏళ్ళు 2028 జూన్‌కు నిండుతాయి. అంతవరకు ఆమె గ్రీన్‌కార్డే. కనుక ఇప్పుడు మా ఇంట్లో ఒకరు భారతీయురాలు, ఒకరు విదేశీయుడు. విదేశీయుడు ఎర్రమంచిలో ఎన్నాళ్ళయినా ఉండవచ్చు. భారతీయురాలు మాత్రం ఆరు నెలల లోపల తిరిగి వెళ్ళాలి! మేము అక్టోబరులో వచ్చాము. మార్చిలో ఆమెకు టిక్కెట్టు ఉంది. అమ్మ కోసం 20 నెలలు ఆమె అక్కడ, నేను ఇక్కడ. ఈ వయసులో మళ్ళీ అట్లా ఉండలేము కనుక ఆమెతో నేనూ వెళతాను.

మా ఊరు ఇప్పుడు మీకు తెలిసిన ఊరు కాదు. 2019 ఆగస్టులో మొదటి కియా కారు బయటికి వచ్చినప్పటి నుండి హైవే పొడుగునా కొరియా భాష బోర్డులు. మా కాలంలో వేరుసెనగ ఆరబోసిన చోట్ల కొరియావాళ్ళ హోటళ్ళు. వాళ్ళలో ఒకాయన మా అరుగు మీద కూర్చొని కాఫీ తాగుతాడు. ఆయన తల్లి కూడా వాళ్ళ దేశంలో మంచం మీద ఉందట. ఆయన భారత పౌరసత్వం కావాలంటే మన చట్టమూ రోజులే లెక్కపెడుతుంది. అర్జీకి ముందు 12 నెలలు ఇక్కడే ఉండాలి, దానికి ముందు 14 ఏళ్ళలో 11 ఏళ్ళు ఉండాలి. "తల్లి కోసం పోయినా?" అని అడిగాడు. "తల్లి కోసం పోయినా" అన్నాను.

చట్టం రోజులు లెక్కపెట్టక తప్పదు. మనం ఫైళ్ళు నడిపినవాళ్ళం, ఆ సంగతి ఒప్పుకోవాలి. అడిగిన ప్రతివాడి మనసులోకి దూరి చూడడం ఏ ఆఫీసుకూ సాధ్యం కాదు. కాని మీ ఇళ్ళలో పిల్లలు కొందరు గ్రామ సచివాలయాల్లో పనిచేస్తున్నారు. వాళ్ళ బల్ల ముందుకు కూడా బెంగుళూరు నుండి తిరిగి వచ్చిన ముసలివాళ్ళు వస్తూనే ఉంటారు. "ఇల్లు తాళం వేసి ఉన్నది" అని రాసేముందు, ఎందుకు వేశావని ఒక్క మాట అడగమని చెప్పండి. రూలు మారకపోవచ్చు. ఆ ఆఫీసరు నన్ను అడిగింది, నేను చెప్పుకొన్నాను, తిరస్కరించింది. అయినా ఆమె మీద నాకు ఈనాటికీ కోపం లేదు. ఆ ముసలాయనకు నేను ఆ పాటి కూడా చేయలేదు.

 మార్చిలో వెళ్ళేముందు మా ఇంటికి తాళం వేస్తాను. ఎందుకు వేస్తానో మీకు తెలుసు.

జై హింద్. ఈ మాట అనడానికి ఏ కార్డూ అక్కరలేదని నా నమ్మకం.